నల్ల లైనింగు

"నోరు తెరువు," అంది మిషనమ్మ, మెడలోని టేపు చేతిలోకి తీసుకుంటూ.

"మొన్న మూసుకోమన్నావు కదే," అన్నాడు మొగుడు.

"మొన్న నాకు బుద్ధి లేదు. మిల్లులో ఎలా అరుస్తావో అలా తెరువు."

అతను తెరిచాడు. ఆమె ముక్కు దూలం మీద టేపు కొస ఆనించి, తెరిచిన నోటి మీదుగా గడ్డం కిందికి లాగి, గోరుతో నొక్కిపట్టి చూసింది. తర్వాత ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచింది. చొక్కాలకి కొలిచింది, పంట్లాములకి కొలిచింది గానీ ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖాన్ని టేపుతో కొలవాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఇంక మూసుకోవచ్చా?" అన్నాడు అతను నోరు తెరుచుకునే.

"పెళ్లయిన దగ్గర్నుంచి మూసుకునేగా ఉన్నావు. ఇంకో నిమిషం తెరిస్తే నీ సొమ్మేం పోదు."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో దగ్గయింది. పెద్ద దగ్గేం కాదు, గొంతులో వెంట్రుక అడ్డుపడితే దగ్గేలాంటి చిన్న దగ్గు. కానీ ఈమధ్య ఆ వెంట్రుక రోజూ అడ్డుపడుతోంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి చెప్పులు సరిచేసుకుంటున్నాడు. రబ్బరు చెప్పులు, వాటిల్లో సరిచేసుకోవడానికేం లేదు. మిషనమ్మ పైమెట్టు మీద నిలబడి అదంతా చూస్తూనే చూడనట్టు ఉంటోంది.

వీధి చివరి మిల్లులో పలుగురాయిని పిండి చేస్తారు. ఇటు రాళ్లు పోస్తే అటు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి తెల్లపొడి వస్తుంది. గాజు చెయ్యడానికని కొందరు, రంగుల్లో కలపడానికని కొందరు అంటారు. అది బస్తాల్లో ఎక్కి ఎటో పోతుంది, వీధికి మాత్రం దుమ్మూ మోతా మిగులుతాయి. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆగని ఆ మోత వీధివాళ్లకి ఎంత అలవాటయిపోయిందంటే, ఇంటికొచ్చిన చుట్టాలు "ఏంటా మోత?" అని అడిగితే "ఏ మోత?" అని ఎదురడుగుతారు.

గోడకి అవతలింటాయన నిన్నమొన్నటి దాకా మిషనమ్మ మొగుడితో కలిసి రాళ్లు పోసినవాడే. ఇప్పుడు పడుకోలేడు. పడుకుంటే ఊపిరందదు. మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దానికి నుదురు ఆనించి రోజంతా అలాగే ఉంటాడు. ఆయన భార్య పోయిన వారం దిండుకి గలీబు కుట్టమని వచ్చింది. "ఒకే చోట తల ఆనిస్తున్నాడు చెల్లీ, అక్కడే చిరిగిపోతోంది. ఆ మేరకి రెండు పొరలు వెయ్యి," అని మామూలు పని చెప్పినట్టే చెప్పి వెళ్లింది. మిషనమ్మ రెండు పొరలు వేసి కుట్టిచ్చింది. ఆ రోజు నుంచి ఆమె కాళ్లు మిషను తొక్కుతున్నాయి గానీ మనసు మనసులో లేదు. అన్నం ముందు కూర్చుంటే గలీబే గుర్తొస్తోంది. తన మొగుడికీ అలాంటిదొకటి కుట్టాల్సొస్తుందని గుండెలో దడ పట్టుకుంది. ఆ దడతోనే మాస్కు మొదలుపెట్టింది.

మిల్లువాళ్లని అడగలేదా అంటే, అడిగారు. "గుడ్డపేలికలు కూడా మేమే ఇవ్వాలా? మీ ఇళ్లలో ఆడవాళ్లు లేరా?" అన్నాడట మేస్త్రీ.

మొదటి మాస్కుని చొక్కా కుట్టినట్టే కుట్టింది. మనిషిని నిటారుగా నిలబెట్టి, నోరు మూయించి కొలత తీసింది. మిల్లులో పక్కవాడికి మంచినీళ్లు అందించమని చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. మొదటి కేకకే మాస్కు ముక్కు మీంచి జారి గడ్డానికి వేలాడింది. బతుకంతా ఈ పనే చేస్తూ ఆ మాత్రం తోచలేదేమని తనను తానే తిట్టుకుంది మిషనమ్మ. చొక్కాకి చంకలో చిన్న పట్టీ వేస్తే చెయ్యెత్తినా బట్ట పైకి లాక్కుపోదు. దవడా అంతే, అదీ పని చేసేదే. అందుకే ఈసారి రెండు దవడల దగ్గరా కుచ్చు పెట్టి, నోరు తెరిస్తే కుచ్చు విచ్చుకునేలా, మూస్తే మడతపడేలా కుట్టింది. పైకి అతని పాత చొక్కా వీపు ముక్క. లోపలికి, ఎవరిదో కోటు కుట్టగా మిగిలిన నల్ల లైనింగు.

"లోపల నల్లదెందుకే?" అన్నాడతను నాడాలు కట్టించుకుంటూ.

"తెల్లగుడ్డ వేస్తే తెల్లదుమ్ము కనపడి చస్తుందా? నల్లదాని మీద దాక్కోలేదు. లోపలికి ఎంతొస్తోందో నా కళ్లతో నేను చూడాలి."

అతను నాడాలు బిగించుకుని, గుడ్డ వెనకనుంచి "వెళ్లొస్తా" అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం అతను వచ్చేసరికి మిషనమ్మ గుమ్మంలోనే ఉంది. కాళ్లు కడుక్కోనివ్వకుండా మాస్కు లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. తిరగేసింది. నల్లగుడ్డ నల్లగానే ఉంది. నలకంత తెలుపు లేదు.

"తడిగా ఉందేంటి?"

"చెమట," అన్నాడు అతను.

ఆమె నవ్వింది. గలీబు కుట్టాక అదే మొదటిసారి నవ్వడం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే: తడిగా, నల్లగా, శుభ్రంగా ఉంది మాస్కు. కనుబొమల నిండా తెల్లటి పొడి వేసుకొచ్చిన మనిషి మాస్కు పైవైపు మాత్రం అంత శుభ్రంగా ఎలా ఉందన్న అనుమానం ఆమెకు రాలేదు. రానివ్వలేదనాలి. ప్రాణం కుదుటపడ్డ మనిషి లేనిపోని అనుమానాలెందుకు పెట్టుకుంటుంది? కడుపునిండా తింది, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది, కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. "ఒక్క నలక లోపలికి రావడం లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

వచ్చి చూసుకున్నారు. చూసుకున్నవాళ్లు ఇళ్లకి వెళ్లి పాత దుప్పట్లూ చిరిగిన చొక్కాలూ చంకన పెట్టుకుని మళ్లీ వచ్చారు. పనికి పోయేముందు మొగవాళ్లు మిషను పక్కన వరసగా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఒకడు "పన్ను పీకించుకునేటప్పుడు కూడా ఇంత తెరవలేదమ్మా," అంటే అందరూ నవ్వారు. మిషనమ్మ అందరి మాస్కులకీ లోపల నల్ల లైనింగే వేసింది. లైనింగు అయిపోతే బట్టల కొట్టుకి పోయి బతిమాలి తానుల చివరి ముక్కలు తెచ్చింది. పక్కింటావిడ గుమ్మం దాకా వచ్చి, ఆ సందడంతా కాసేపు చూసి, "నీకు ముందే తోచుంటే బాగుండేది చెల్లీ," అని వెళ్లిపోయింది. మిషనమ్మ వంకరపోయిన కుట్టు విప్పి మళ్లీ కుట్టింది.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి మేస్త్రీ చెవిన పడింది. అతను చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చి, కుర్చీలో కూర్చుని, మాస్కు అటూఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నాడు.

"మంచి పని చేశావు చెల్లెమ్మా. భయపడి మానేస్తామన్నవాళ్లు కూడా నీ మాస్కుందని వస్తున్నారు. అన్నట్టు, మన బస్తాల మూతులు కుట్టే మనిషి మానేసింది. చేత్తో పట్టుకుని కుట్టే మిషను, చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. నీ కూతురు ఖాళీగానే ఉందిగా?"

కాజాలు కుడుతున్న కూతురు తలెత్తింది. ఆ పిల్ల కళ్లలో వెలుగు మిషనమ్మకి తెలియనిది కాదు. బయటికి పోయి నలుగురితో కలిసి పనిచెయ్యాలని ఆ పిల్లకి ఎన్నాళ్ల నుంచో ఆశ. "మిల్లు గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతాను" అని ఇన్నాళ్లూ తల్లే అడ్డం కొట్టింది. ఇప్పుడు ఏమని అడ్డం కొడుతుంది? ఊరందరికీ చెప్పిన మాట కూతురి దగ్గరికొచ్చేసరికి అబద్ధమవుతుందా?

అడ్డం చెప్పింది మొగుడు. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ, "వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు."

"ఇదేం మాట నాన్నా? బస్తాల షెడ్డు బయటేగా," అంది కూతురు.

"అసలు నా మాస్కుండగా నీకు భయమేంటి?" అంది మిషనమ్మ. "ఆ యంత్రం పక్కన నిలబడ్డ నీకే రానిది, షెడ్డులో కూర్చున్నదానికి వస్తుందా?"

అతను ఆమె వైపు చూశాడు. ఎవరూ తెరవమనకుండానే నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నోరు మూసుకుని, "మీ ఇష్టం," అని, కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచాడు. కూతుర్ని పనిలోకి పంపడం తండ్రికి నామోషీ కాబోలనుకుంది మిషనమ్మ. ఆ రాత్రే కూతురి ముఖానికి కొలత తీసి, తన పూలజాకెట్టు చింపి, అందరికన్నా అందంగా కుట్టింది.

మర్నాడు బస్తాల షెడ్డు మిల్లుకన్నా ముందే మూసేశారు. పొడి చల్లినట్టున్న జుట్టుతో కూతురు మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. పక్కషెడ్డు ఆడవాళ్ల మాటలూ జోకులూ గుక్కతిప్పుకోకుండా చెబుతూ, మాస్కు విప్పి మిషను బల్ల మీద పడేసి, తలంటుకోవడానికి వెళ్లింది. గుడ్డ పొడిగా ఉంది. మిషనమ్మ దాన్ని తీసి అలవాటుగా తిరగేసింది.

లోపల ముక్కూ నోరూ ఉండేచోట తెల్లగా ఉంది.

సుద్ద అనుకుంది. గీతలు గీసేది తనే కదా, నల్లగుడ్డ మీద సుద్ద అంటుకుని ఉంటుంది. తొడకేసి కొట్టి దులిపింది. కొంత రాలింది, కొంత రాలలేదు. వేళ్ల మధ్య పెట్టి నలిపింది. సుద్ద అయితే జారుతుంది. ఇన్నేళ్లుగా ఆ వేళ్లకి తెలిసినంతగా సుద్ద ఎవరికీ తెలియదు. ఇది జారలేదు. పళ్ల కింద ఇసుక పడ్డట్టు గరగరలాడింది.

తడి గుర్తొచ్చింది. రోజూ తడిగానే వచ్చేది. చెమటన్నాడు. రోజంతా ఎండలో మూటలు మోసేవాళ్ల చొక్కాలు ఎన్ని కుట్టలేదు తను? చెమట ఆరితే ఉప్పు చారలు కడుతుంది. ఆ మాస్కు మీద ఒక్కనాడూ చార లేదు. బాత్రూములోంచి కూతురు పాట వినిపిస్తోంది. మిషనమ్మ గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

మొగుడు వచ్చేసరికి కూతురి మాస్కు తిరగేసి బల్ల మీద పెట్టి ఉంది. ఆమె చెయ్యి చాచింది. అతను తనది జేబులోంచి తీసి ఇచ్చాడు, తడిగా. ఆమె దాన్నీ తిరగేసి పక్కన పెట్టింది. అతను రెండింటినీ చూసి గోడకి చేరగిలబడ్డాడు.

"ఎక్కడ కడుగుతున్నావు?"

"గేటు పక్క కొళాయి దగ్గర."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచి."

"ఎందుకయ్యా?" అంది.

"ఆ గలీబు కుట్టాక నువ్వు అన్నం తిన్నావా? కడక్కముందు చూశాను, తెల్లగా ఉంది. దాన్ని తెచ్చి నీ చేతిలో ఎట్లా పెట్టను? ఆ ఒక్కరోజుకీ అనుకుని కడిగాను. నువ్వు నవ్వావు. ఇంక తర్వాత ఏం చెయ్యను, కడుగుతూ పోయాను."

"పిల్లని పంపిస్తుంటే?"

"వద్దన్నానుగా."

"వద్దన్నావు. ఎందుకొద్దో చెప్పావా?"

"చెబితే నన్ను మాత్రం పోనిస్తావా? నేను పోకపోతే పొయ్యి ఎట్లా వెలుగుతుంది?" అతను తల దించుకున్నాడు. "షెడ్డు బయటేగా, అంత రాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను." బల్ల మీది తడిగుడ్డ చూపించి, "నేనొక్కణ్ణే కాదు. అందరూ కడుగుతారు. ఆ కొళాయి దగ్గర వరసే ఉంటుంది. ఒకడి ముఖం ఒకడు చూడం," అన్నాడు.

మిషనమ్మ లేచి మిషను ముందు కూర్చుంది. ఉన్న లైనింగంతా తీసి, పొర మీద పొర వేసి కుట్టి, నాడాలు తన ముఖానికే కట్టుకుంది. నాలుగు సార్లు మిషను తొక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. ఒక పొర తీసేసింది. మళ్లీ తొక్కింది. ఇంకో పొర తీసింది. ఊపిరి బాగా ఆడేసరికి అది మళ్లీ అందరికీ కుట్టిన ఆ మాస్కే అయింది. దవడల దగ్గర పెట్టిన కుచ్చులు, నోరు తెరిపించి తీసిన కొలతలు, తను మురిసిపోయిన పనితనమంతా అక్కడికొచ్చి ఆగిపోయింది. ఆమె తల మిషను మీద వాల్చి ఏడ్చింది. మొగుడు దగ్గరికి రాబోయి, ఏమనుకున్నాడో, గోడ దగ్గరే ఉండిపోయాడు.

"రేపు నేను వెళ్లనా అమ్మా?" అని అడిగింది కూతురు తడిజుట్టుతో నిలబడి.

"కాళ్లు విరగ్గొడతాను," అంది మిషనమ్మ తలెత్తకుండానే. మొగుడికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయింది. పొద్దున్నే అతను చెప్పులేసుకుంటే మాస్కు తనే కట్టింది.

ఆ సాయంత్రం మిల్లు ఆగేవేళకి ఆమె గేటు పక్క కొళాయి దగ్గరికి వెళ్లి, దాని కిందున్న సిమెంటు గట్టు మీద చతికిలబడింది. ఆమెను లేపితే గానీ కొళాయి తిప్పడానికి లేదు. గట్టు చుట్టూ నేలంతా తెల్లటి బురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. మొగవాళ్లు మాస్కులు విప్పుకుంటూ బయటికొచ్చారు. ముందొచ్చిన నలుగురూ ఆమెను చూసి ఆగిపోయారు. వెనకవాళ్లు వాళ్ల వెనకే ఆగిపోయారు. అన్నీ ఆమెకు తెలిసిన ముఖాలే, నోరు తెరిస్తే ఎంతుంటాయో కూడా తెలిసిన ముఖాలు.

మొగుడు జనంలోంచి ముందుకొచ్చాడు.

"లేవవే," అన్నాడు మెల్లగా.

ఆమె చెయ్యి చాచింది. అతను మాస్కు ఆ చేతిలో పెట్టాడు. ఆమె తిరగేసింది. తెల్లటి నోరు. దాన్ని ఒళ్లో పరుచుకుని మళ్లీ చెయ్యి చాచింది. పన్ను పీకించుకోవడం గురించి జోకేసినవాడు తనది ఇచ్చాడు. తర్వాతివాడు ఇచ్చాడు. కొందరు పక్కకి తిరిగి ఇచ్చారు. ఒక పెద్దాయన ఇవ్వకుండా జేబులో కుక్కుకుని వెళ్లిపోబోయి, పది అడుగులేశాక తిరిగొచ్చి ఒళ్లో పడేసి వెళ్లాడు.

మేస్త్రీ గేటులోంచి వచ్చాడు. "ఏంటిది? ఒక్క నలక రాదని నువ్వే కదమ్మా అందరికీ చెప్పావు?"

"నేనే చెప్పాను," అంది మిషనమ్మ. "తప్పు చెప్పాను. వస్తోందని కూడా నేనే చెప్పాలిగా."

"ఇవన్నీ ఏం చేసుకుంటావు?"

"మా వీధిలో ఆరేస్తాను. ఉతక్కుండా."

అన్నట్టే ఆరేసింది. వీధికి అడ్డంగా తాడు కట్టి, అన్నింటినీ లోపలివైపు బయటికి తిప్పి, తెలుపు రాలకుండా ఒక్కొక్కటే తగిలించింది. ఇంకా వెలుతురుండగానే ఆడవాళ్లు బయటికొచ్చారు. ఎవరిది ఏదో లోపలివైపు చూస్తే తెలియదు, అన్నీ ఒకే నల్లగుడ్డ. ఒక్కొక్కరే వచ్చి, అంచు ఎత్తి, అవతలివైపు తమ దుప్పటి పూలో తమ చొక్కా గళ్లో కనిపిస్తే గుర్తుపట్టి, మళ్లీ ఇటు తిప్పి చూసుకున్నారు.

ఒకావిడ అంచు వదలకుండానే మిషనమ్మ వైపు తిరిగింది. "మానేస్తానని నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. నీ మాస్కుందనే నేను పంపాను."

"అవును," అంది మిషనమ్మ. ఆవిడ కొట్టినా బాగుండేదనిపించింది. ఆవిడ కొట్టలేదు. తాడు పట్టుకుని అలాగే నిలబడింది.

తెల్లారింది. సమ్మె అన్న మాట ఎవరూ అనలేదు, ఎవరూ ఎవరింటికీ వెళ్లి మాట్లాడుకోలేదు. మొగుడు చొక్కా వేసుకుని, చెప్పులేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. మాస్కు అడగలేదు. ఆమె ఇవ్వలేదు. పొయ్యి మీద పెట్టడానికి ఇవాళ్టికి ఉంది, రేపటి సంగతి ఆలోచించే ధైర్యం లేదు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గుమ్మంలో ఒకడు అన్నం గిన్నె చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడూ ఎవరు ముందు కదులుతారా అని చూస్తున్నాడు. వీధిలో ముందు కదిలినవాడు ఆ తాడు కింద నుంచి పోవాలి.

మోత మొదలవ్వాల్సిన వేళయింది. మొదలవలేదు.

అప్పుడు వినిపించింది. సన్నటి ఈల, కాసేపు ఏమీ లేదు, మళ్లీ ఈల, చివర గుర్రుమని తడి చప్పుడు. గోడలోంచి వస్తోంది. నూనె లేని మిషను చక్రం లాగుంది.

"ఏంటమ్మా అది?" అంది కూతురు.

మిషనమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టింది. "పక్కింటి పెదనాన్న ఊపిరి."

"ఇన్నాళ్లూ వినపడలేదే."

ఎదురింటి గుమ్మంలోవాడు కూడా తల ఇటు తిప్పి వింటున్నాడు. వాడి వెనక వాడి భార్య వచ్చి నిలబడింది. ఆ పక్క తలుపు తెరుచుకుంది, ఆ పైది తెరుచుకుంది. వీధి అంతా గుమ్మాల్లో నిలబడి ఆ ఈల ఎప్పుడాగుతుందా, ఆగితే మళ్లీ వస్తుందా అని చూస్తోంది.

మొగుడు వంగాడు. చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి గోడ వారగా పెట్టాడు.